సబ్‌వూఫర్ పోలేదు, అందులో ఏదో ఒకటి పోయింది

హోమ్ థియేటర్‌లో బేస్ ఆగిపోగానే అందరి నోటా వచ్చే మాట ఒకటే: సబ్‌వూఫర్ పోయింది. అక్కడి నుంచి నేరుగా బాగు చేయించాలా, కొత్తది కొనాలా అన్న చర్చలోకి దిగిపోతాం. తప్పటడుగు పడేది అక్కడే. ఆ నల్ల పెట్టెలో మూడు వేర్వేరు సరుకులు ఉమ్మడి కాపురం చేస్తుంటాయి: చెక్క పెట్టె, ముందు స్పీకర్, వెనక పలకకు బిగించిన యాంప్లిఫయర్. మూడింటి ఆయుష్షూ ఒకటి కాదు. తడి తగలకపోతే పెట్టెకు దశాబ్దాలైనా ఢోకా ఉండదు. స్పీకర్ అంచు రబ్బరుదైతే అదీ చాలాకాలం నిలుస్తుంది. ఫోమ్‌దైతే పది, పదిహేనేళ్లకు వేలితో తాకితే పొడిగా రాలిపోవచ్చు. ఈ మూడింట్లో ముందుగా చేతులెత్తేసేది మాత్రం చాలాసార్లు యాంప్లిఫయరే. తేల్చుకోవాల్సింది పోయిన ముక్క గురించి. అది ఏదో తెలియకుండా వేసే ఖర్చు లెక్క గాలిమేడే.

యాంప్లిఫయరే ముందు ఎందుకు పోతుందో చూద్దాం. సినిమా చూసేది వారానికి రెండు గంటలే కావచ్చు, కానీ ఆటో స్టాండ్‌బైలో (సిగ్నల్ రాగానే తనంతట తానే లేచే నిద్రలో) వదిలేసిన బోర్డు ఇరవై నాలుగు గంటలూ కరెంటు మీదే ఉంటుంది. చాలా బోర్డుల్లో స్టాండ్‌బై భాగానికి వోల్టేజీ తగ్గించే రెసిస్టరు, జీనర్ డయోడు నిత్యం సెగ కక్కుతూ ఉంటాయి. సరిగ్గా వాటిని ఆనుకునే చిన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు (కరెంటును నిలవ ఉంచే చిన్న డబ్బాలు) ఉంటాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. కొన్ని బోర్డుల్లో భాగాలు అదరకుండా ఫ్యాక్టరీలో పోసిన జిగురు ఇంకో శత్రువు. మొదట లేత పసుపు రంగులో ఉండే ఆ జిగురు సెగకు ముదురు గోధుమ రంగుకు తిరిగి, కరెంటును కొద్దికొద్దిగా పారనిస్తుంది, భాగాల లోహపు కాళ్లను తుప్పు పట్టిస్తుంది. వీటికి తోడు కుదుపు. సెకనుకు ముప్పై నలభై సార్లు పెట్టెను దడదడలాడించే స్పీకర్‌తో కలిసి బతకాల్సిన బోర్డు అది. కాయిల్, పెద్ద కెపాసిటర్, కనెక్టర్ లాంటి బరువైన భాగాల కాళ్ల చుట్టూ సోల్డర్‌లో సన్నని వలయంలా పగులు వస్తుంది. భూతద్దంలో చూస్తే తప్ప కనబడదు. చల్లగా ఉన్నప్పుడు పలికి వేడెక్కాక ఆగిపోవడం, పెట్టెను అరచేత్తో తడితే మళ్లీ పలకడం దీని గుర్తులు.

గమనించాల్సిందేమంటే, ఈ జబ్బులన్నీ చవకవే. నాలుగైదు కెపాసిటర్లు, కాస్త సోల్డరు, జిగురు గీకడానికి ఓపిక. ‘బోర్డు పోయిందండీ’ అనే ఏకవాక్య తీర్పు విని కొత్త సబ్‌వూఫర్ కొన్నవాళ్లలో చాలామంది పారేసింది నిజానికి ఒక కెపాసిటర్‌ని.

పరీక్ష పెట్టె బయటి నుంచే మొదలవ్వాలి. రిసీవర్ (స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే ప్రధాన పెట్టె) మెనూలో సబ్‌వూఫర్ ‘ఎస్’ అని ఉందా, ముందు స్పీకర్లు ‘స్మాల్’ అని ఉన్నాయా చూడండి. ముందు స్పీకర్లు ‘లార్జ్’ అని ఉంటే వాటి బేస్ వాటికే పోతుంది. పాటలు వింటున్నప్పుడు సబ్‌వూఫర్‌కు ఏమీ అందకపోవచ్చు. తర్వాత ఆటో స్విచ్ సంగతి. రిసీవర్‌లో సబ్ లెవెల్ మైనస్ పది, పన్నెండుకు దించి, పెట్టె వెనక వాల్యూమ్ పూర్తిగా పెంచిన ఇళ్లలో, వచ్చే సిగ్నల్ చాలక సబ్‌వూఫర్ నిద్ర లేవదు. స్విచ్ ‘ఆటో’ నుంచి ‘ఆన్’కు మార్చితే పలికిందంటే జబ్బు లెవెల్‌దే. రిసీవర్ లెవెల్ పెంచి, పెట్టె వాల్యూమ్ తగ్గించండి, సరిపోతుంది.

ఇవి సరిగ్గా ఉంటే వేలి పరీక్ష. పెట్టె వాల్యూమ్ పావు వంతుకు దించి, ఆర్‌సీఏ కేబుల్‌ను (రిసీవర్ నుంచి సిగ్నల్ తెచ్చే వైరును) సబ్‌వూఫర్ వైపు అలాగే ఉంచి, రిసీవర్ వైపు కొస ఊడదీయండి. ఆ కొస మధ్య పిన్నును వేలితో తాకండి. ‘బూం’ అని హమ్మింగ్ వస్తే కేబుల్, యాంప్లిఫయర్, స్పీకర్ మూడూ బతికే ఉన్నాయి. దోషం రిసీవర్‌లోనో, దాని సెట్టింగుల్లోనో ఉంది. ఏమీ రాకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి. తాకినప్పుడు జివ్వుమని షాక్ కొడితే మాత్రం వెంటనే ప్లగ్గు పీకేయాలి, అది ఎర్తింగ్ లోపమో లీకేజీయో.

ఆగకుండా హమ్మింగ్ వచ్చే పెట్టె విషయంలోనూ తొందర వద్దు. సిగ్నల్ కేబుల్ పీకగానే గుర్రు ఆగిందా? అయితే జబ్బు పెట్టెలో లేదు. రెండు పరికరాల ఎర్త్‌ల మధ్య వలయం ఏర్పడటమో, కేబుల్ షీల్డు తెగిపోవడమో అయ్యుంటుంది. చాలాసార్లు దొంగ టీవీ యాంటెన్నా లేదా డిష్ నుంచి వచ్చే కోయాక్స్ వైరు. దాన్ని ఊడదీసి చూస్తే దొరికిపోతాడు. మందు ఆ వలయాన్ని తెంచే ఐసోలేటర్, అంతేగానీ ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం కాదు. కేబుల్ పీకినా గుర్రు ఆగకపోతే అప్పుడు పవర్ సప్లై ఫిల్టర్ కెపాసిటర్ల మీద అనుమానం.

ఇక పెట్టె విప్పడం. ప్లగ్గు పీకిన తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టాలి. 230 వోల్టుల కరెంటున్న చోట ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ రకం పవర్ సప్లై) పెద్ద కెపాసిటర్‌లో 320 వోల్టుల దాకా నిలవ ఉంటుంది, ప్లగ్గు తీసినా కొంతసేపు పోదు. బోర్డుల అనుభవం లేనివాళ్లు వెనక పలక జోలికి పోకుండా ముందు స్పీకర్ ఒక్కటే విప్పితే మంచిది. రెండు వైర్లు ఊడదీసి, ఏది ఎర్రదో గుర్తు పెట్టుకుని, మల్టీమీటర్‌ను ఓమ్‌లలో పెట్టి కొలవండి. నాలుగు ఓమ్‌ల స్పీకర్ 3 నుంచి 3.7 దాకా, ఎనిమిది ఓమ్‌లది 5.5 నుంచి 7 దాకా చూపిస్తుంది. మీటరు కదలకపోతే స్పీకర్ కోన్‌ను (ఊగి శబ్దం చేసే గరాటు లాంటి పొరను) ఊపే తీగచుట్ట, అంటే కాయిల్, తెగింది, లేదా టెర్మినల్ నుంచి కోన్‌కు వెళ్లే జడవైరు తెగింది. ఈ రెండోది సోల్డరింగ్‌తో పోయే జబ్బు, కంటికి కనిపిస్తుంది కూడా. కొన్ని స్పీకర్లకు రెండు కాయిళ్లు ఉంటాయి, విడివిడిగా కొలవాలి.

మీటరు లేకపోతే 1.5 వోల్టుల చిన్న బ్యాటరీ చాలు. ప్లస్‌కు ప్లస్ తాకించగానే ‘టప్’ మని కోన్ బయటికి జరగాలి. తర్వాత రెండు చేతుల వేళ్లనూ కోన్ చుట్టూ సమంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కండి. నిశ్శబ్దంగా వెళ్లి వస్తే కాయిల్ క్షేమం. ఇసుక రాసినట్టు ‘కరకర’ వినిపిస్తే కాలి ఉబ్బిందో, పక్కకు జరిగిందో. అసలు కదలకపోతే, ముఖ్యంగా పెట్టె ఈమధ్య కిందపడినా రవాణాలో కుదుపు తిన్నా, అయస్కాంతమే జిగురు ఊడి జరిగి కాయిల్‌ను పట్టేసిందని అనుమానించాలి. దానికి రిపేరు మాట మర్చిపోవచ్చు.

స్పీకర్ కాలిందని తేలితే కొత్త స్పీకర్ తెచ్చి బిగించేయాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగండి. కాయిల్ ఊరికే కాలదు. యాంప్లిఫయర్‌లో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్టయితే డీసీ (ఒకే దిశలో పారే) కరెంటు నేరుగా స్పీకర్‌లోకి పోతుంది. కోన్ ఒక పక్కకు బిగుసుకుని, కాయిల్ చల్లబడే అవకాశం లేక నిమిషాల్లో మాడిపోతుంది. హంతకుడు లోపలే ఉండగా కొత్త స్పీకర్ పెడితే దానికీ అదే గతి. స్పీకర్ వైర్లు ఊడదీసి ఉంచి, బోర్డు ఆన్ చేసి, ఆ వైర్ల కొసల మధ్య డీసీ వోల్టేజీ కొలిపించండి. 50 మిల్లీవోల్టుల లోపుంటే ఫర్వాలేదు. వోల్టుల్లో ఉంటే ముందు బోర్డు, తర్వాతే స్పీకర్. రెండూ పోయిన పెట్టెను బాగు చేయించడం నా దృష్టిలో చాలావరకు దండగ. మార్చక మిగిలేది చెక్క ఒక్కటే.

ఫ్యూజు గురించి ఒక్కమాట. అదే విలువ, అదే రకం ఫ్యూజు ఒక్కసారి వేసి చూడొచ్చు. అదీ ఎగిరిపోతే ఇంకొకటి వేయకూడదు, ఎక్కువ ఆంపియర్లది అసలే వేయకూడదు. మెకానిక్ బోర్డును సిరీస్ బల్బు (కరెంటు దారిలో కలిపిన బల్బు) మీద పెట్టి చూస్తున్నాడంటే పని తెలిసినవాడే. లోపల షార్ట్ ఉంటే ఆ బల్బు నిండుగా వెలుగుతుంది, బోర్డు మరింత కాలదు.

యాంప్లిఫయర్‌లో పాత తరహా ట్రాన్స్‌ఫార్మర్, టీడీఏ7294 లేదా ఎల్‌ఎం3886 లాంటి ఐసీ (యాంప్లిఫయర్ చిప్) ఉంటే రిపేరుకే నా ఓటు. ఐసీ కాళ్లు పెద్దవి, సర్క్యూట్ అందరికీ తెలిసిందే. నకిలీ ఐసీలతోనే జాగ్రత్త. అన్నీ పేనంత భాగాలతో, డీఎస్‌పీ చిప్‌తో (శబ్దాన్ని అంకెల్లోకి మార్చి సరిదిద్దే చిప్‌తో) ఉన్న కొత్త తరం క్లాస్ డీ బోర్డు కాలితే మాత్రం చిప్ దొరికినా లోపలి ప్రోగ్రామ్ దొరకదు. అప్పుడు కంపెనీ మొత్తం బోర్డు ఇస్తే సరే, లేకుంటే వేరే ప్లేట్ యాంప్లిఫయర్ బిగించాలి. కోత కొలతలు, లోతు, వాట్లు, ఓమ్‌లు కుదిరితే చాలనుకుంటారు గానీ అసలు మెలిక వేరే ఉంది. పాత యాంప్లిఫయర్‌లో ఆ స్పీకర్‌కు, ఆ పెట్టెకు తగ్గట్టు సరిదిద్దిన ఈక్వలైజేషన్ (ఏ స్వరం ఎంత పలకాలన్న సర్దుబాటు) ఉంటుంది. ముఖ్యంగా పోర్టు గొట్టం ఉన్న పెట్టెల్లో, ఆ పోర్టు ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీకి దిగువన గాలి కోన్‌ను పట్టి ఉంచదు. ఆ కింది స్వరాలను కత్తిరించే సబ్‌సోనిక్ ఫిల్టర్ కొత్త యాంప్లిఫయర్‌లో లేకపోతే కోన్ అదుపు తప్పి ఊగి, కాయిల్ వెనక ఇనుముకు కొట్టుకుంటుంది. మూసిన పెట్టెకు ఈ గండం తక్కువ. పలక తీసేసి, ఆ కన్నాన్ని గాలి చొరబడకుండా ఎండీఎఫ్ (చెక్కపొడి పలక) ముక్కతో మూసి, బయట విడిగా యాంప్లిఫయర్ పెట్టుకోవడం ఇంకా మంచి దారి. పెట్టెలోపలి వేడి, కుదుపు రెండూ తప్పుతాయి.

స్పీకర్ మార్చడంలోనూ ఇదే న్యాయం. ‘పదంగుళాలదానికి పదంగుళాలది’ అనే సూత్రంతో పని జరగదు. పోర్టు పెట్టె కొలత ఆ స్పీకర్ థీల్-స్మాల్ విలువల (స్పీకర్ ఎలా ఊగుతుందో చెప్పే అంకెల) మీద కట్టినది. వాటిలో ఎఫ్‌ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అనేవి పాతదానికి దగ్గరగా లేకపోతే ఒకే స్వరం దగ్గర ఉబ్బిన బేస్ వస్తుంది. ఫోమ్ అంచు మాత్రమే చిరిగితే స్పీకర్ మార్చడం తెలివితక్కువ. పాత జిగురంతా గీకి, కొత్త అంచు అంటించి, కాయిల్ మధ్యకు కుదిరేలా చూసి, ఒక రోజు ఆరనిస్తే మళ్లీ ఏళ్లు నడుస్తుంది. కొనేటప్పుడు అంగుళాలు చెప్పొద్దు. ఫోమ్ లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మధ్య ఉబ్బు వెడల్పు మిల్లీమీటర్లలో కొలవండి.

సౌండ్‌బార్‌తో వచ్చే వైర్‌లెస్ సబ్‌వూఫర్ల లెక్క మొత్తం వేరు. అందులో స్పీకర్ సామాన్యం, పెట్టె పలచన, విలువంతా సౌండ్‌బార్‌తో మాట్లాడే రేడియో బోర్డులో ఉంటుంది. లైటు మిణుకుతూనే ఉంటే ముందు పెయిరింగ్ మళ్లీ చేసి చూడాలి. ఆ బోర్డే పోతే సాధారణంగా వేరే మోడల్‌ది కలవదు. కంపెనీ దగ్గర విడి భాగం లేదంటే సౌండ్‌బార్‌తో సహా మార్చక తప్పని పరిస్థితి, ఇది కొనేవాడి తప్పు కానే కాదు.

రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే పారేయాలన్న లెక్కను కూడా కళ్లు మూసుకుని నమ్మక్కర్లేదు. ఏ కొత్తదానితో పోలుస్తున్నారన్నదే ప్రశ్న. బరువైన అయస్కాంతం, దళసరి పెట్టె, పన్నెండంగుళాల కోన్ ఉన్న పాతదాన్ని తీసేసి ఎనిమిదంగుళాల కొత్తది తెస్తే అది మార్పిడి కాదు, దిగజారుడు. ఆ పాతదానికి సగం కన్నా ఎక్కువ పెట్టినా తప్పు లేదు. సెట్‌తో పాటు వచ్చిన ఆరంగుళాల పెట్టెకు పావు వంతు పెట్టడమూ ఎక్కువే. బోర్డు విప్పించినప్పుడు ఒక్క చెడిన కెపాసిటర్‌తో ఆపకుండా, దాని చుట్టూ అదే సెగ తిన్నవన్నీ తీయించి 105 డిగ్రీల వేడిని తట్టుకునేవి వేయించండి. మైక్రోఫారడ్లు అవే, వోల్టులు అవే లేదా ఎక్కువ.

కొత్తది కొనేటప్పుడు వాట్ల అంకె చూసి మురిసిపోవద్దు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే సుమారు 10 కావాలి, అంటే పది రెట్ల వాట్లు. స్వరం ఒక సప్తకం కిందికి దిగితే అదే శబ్దానికి కోన్ నాలుగు రెట్లు ఊగాలి, అందుకే కోన్ వైశాల్యం ముఖ్యం. పదంగుళాల కోన్ కన్నా పన్నెండంగుళాలదానికి దాదాపు 44 శాతం ఎక్కువ.

బాగు చేయించినా, మార్చినా, రిసీవర్ మైకు పెట్టి ఆటో క్యాలిబ్రేషన్ (స్పీకర్లను గదికి తగ్గట్టు సర్దే పరీక్ష) మళ్లీ నడపాలి. దాని జ్ఞాపకంలో పాత పెట్టె లెవెల్, దూరం లెక్కలే ఉంటాయి. అది మర్చిపోయి ‘బాగు చేశాక బేస్ తగ్గింది’ అని మెకానిక్ మీద, ‘కొత్తదానిలో పస లేదు’ అని కంపెనీ మీద విసుక్కునేవాళ్లకు కొదవ లేదు.