వాలిపోవడమే వృత్తిగా పెట్టుకున్న పీస్ లిల్లీ గారికి

గౌరవనీయులైన పీస్ లిల్లీ గారికి,

నమస్కారాలు. ఈ మధ్యాహ్నం చుట్టాలంతా హాలులో కూర్చుని ఉండగా, ఆకులన్నీ కుండీ అంచు మీదుగా వేలాడేసి తమరు ప్రదర్శించిన మరణ సన్నివేశానికి అభినందనలు. "పాపం, నీళ్ళు పోయడం లేదా?" అని వాళ్ళు అడిగిన తీరుకు నాకు తల ఎత్తుకోవడం కష్టమైంది. వెంటనే నీళ్ళు పోశాను. వాళ్ళు ఉన్నంతసేపూ తమరిలో చలనం లేదు. అందరూ వెళ్ళిపోయాక తీరిగ్గా నిటారుగా లేచారు.

దాహానికి వాలడం నాకు అర్థమవుతుంది. కణాల్లో నీరు తగ్గితే బిగువు పోయి కాడ ఒరుగుతుంది, నీరు అందితే లేస్తుంది. మరి నీళ్ళు ఎక్కువైనా అదే వాలడం ఎందుకండీ? మట్టిలో గాలి ఆడక వేళ్ళు కుళ్ళుతాయట, కుళ్ళిన వేళ్ళు నీటిని పీల్చలేవట, అందుకని మట్టి బురదగా ఉన్నా ఆకులకు దాహమేనట. ఎండిపోతున్నా మునిగిపోతున్నా తమరిది ఒకటే ముఖం! చూసినవాళ్ళు జాలిపడి చెంబు అందుకుంటారు. ఆ జాలే తమరి ప్రాణం తీస్తుంది. పై అంగుళం మట్టి పొడిగా ఉందో లేదో తెలుసుకోవడానికి రోజూ కుండీలో వేలు పెట్టడం వల్ల, నలుగురిలో చెయ్యి చాపాలంటే ముందు గోళ్ళు చూసుకునే స్థితికి వచ్చాను.

మిగతావి క్లుప్తంగా. నేరుగా ఎండ తగిలితే ఆకులు కాలుతాయి, చీకటి మూలలో పెడితే బతుకుతారు గానీ పూయరు. నర్సరీలో అంత విరగబూశారేమిటా అనుకున్నాను. జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే మొక్కల హార్మోను చల్లి పూయించడం ఆ వ్యాపారంలో మామూలేనట! పైగా ఆ తెల్లటిది పువ్వే కాదు, రంగు మారిన ఆకు. అసలు పూలు మధ్యలోని కాడ మీద గింజల్లా ఉన్నవి. కొళాయి నీటిలో ఫ్లోరైడు, ఎరువు మిగిల్చిన లవణాలు, పొడి గాలి, వీటిలో ఏది గిట్టకపోయినా ఆకుల కొనలు మాడ్చుకుంటారు. ఏది గిట్టలేదో చెప్పే మర్యాద మాత్రం లేదు. నమిలితే నోరు మండించే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదుల్లా ఆకుల్లో ఉన్నాయని పిల్లికి అందకుండా ఎత్తున పెట్టాము. దాంతో తమరి వాలడం వీధి గుమ్మంలోంచే కనిపిస్తోంది.

ఇక గాలిని శుభ్రం చేస్తారన్న బిరుదు. 1989లో నాసా పరీక్ష జరిపింది మూసి ఉంచిన చిన్న పెట్టెల్లో. మామూలు భవనంలో గాలి మార్పిడితో జరిగే శుద్ధికి సరితూగాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని 2019లో ఒక సమీక్ష లెక్క తేల్చింది. అన్ని మొక్కలు పెడితే మేమెక్కడ ఉండాలి? కిటికీ తెరిస్తే సరిపోదూ?

సాయంత్రం అనుమానం తీరక కుండీ బోర్లించి చూశాను. వేళ్ళన్నీ తెల్లగా, గట్టిగా ఉన్నాయి. ఒక్కటీ కుళ్ళలేదు. పక్కన మూడు పిలకలు కూడా! ఇంత ఆరోగ్యం పెట్టుకుని, పిల్లల్ని కూడా కని, జనం ముందు చచ్చినట్టు పడుకుంటావా? సిగ్గు లేదూ నీకు? రేపే ఆ పిలకలను వేరు చేసి వేరే గదిలో పెడుతున్నాను. నిన్ను చూసి అవి కూడా నేర్చుకోకముందే.

ఇట్లు,
తమరి యజమానినని ఇంకా అనుకుంటున్న వ్యక్తి