తెరిచిన అరలకు కట్టే అద్దె

బెంగళూరు మారతహళ్లిలో మా బాబాయికి చిన్న కిరాణా కొట్టు ఉంది. చుట్టూ పీజీలు (అద్దెకుండే హాస్టళ్లు), వాటి నిండా మన కుర్రాళ్లు. మూడేళ్ల కిందటి వరకు కౌంటర్ అవతల నిలబడి అడిగితే బాబాయే తీసిచ్చేవాడు. సూపర్ మార్కెట్‌లా ఎవరికి కావాల్సింది వాళ్లే తీసుకునేలా అరలు సర్దాక బేరం పెరిగింది. నెయ్యి సీసాలు మాయమవడమూ అప్పుడే మొదలైంది. చాలావరకు హెల్మెట్‌లోనే పోతాయి. ఈ ఊళ్లో హెల్మెట్ చేత్తో పట్టుకుని కొట్లోకి వచ్చేవాణ్ణి ఎవరు అనుమానిస్తారు?

550 రూపాయలకు కొన్న సీసా 600కి అమ్మితే మిగిలేది యాభై. ఒకటి పోతే ఆ డబ్బు రాబట్టడానికి ఇంకో పదకొండు అమ్మాలి. దానికి తోడు జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) ప్రకారం దొంగతనానికి గురైన సరుకు మీద ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్ను మినహాయింపు, రాదు. ముందే తీసుకుని ఉంటే వెనక్కి కట్టాలి. అంటే సరుకూ పోయె, పన్నూ మీద పడె.

పోలీసులకు చెప్పమంటారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర చట్టాల్లో, 5,000 రూపాయల లోపు సాధారణ దొంగతనం నాన్ కాగ్నిజబుల్. మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేరు. మొదటిసారి శిక్ష పడినవాడు సొమ్ము తిరిగిచ్చేస్తే సమాజ సేవతో సరి. ఇది తప్పని నేననను, నెయ్యి సీసాకి జైలేమిటి? కానీ కొట్టువాడు కోపంలో ఆ కుర్రాణ్ణి వెనక గదిలో పెట్టి తలుపేస్తే, అక్రమ నిర్బంధం కేసు కొట్టువాడి మీదికే వస్తుంది. ఇది చాలామందికి తెలియదు.

ఇంకో పద్ధతి, సీసీ కెమెరా ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టి పరువు తీయడం. మా వీధిలో ఒక కొట్టాయన అదే చేశాడు. తీరా చూస్తే ఆ అబ్బాయి యూపీఐలో డబ్బు కట్టే వెళ్లాడు. నెట్‌వర్క్ లేక స్పీకర్ పలకలేదంతే. ఆ పీజీ మొత్తం అక్కడ కొనడం మానేసింది. ఎన్ని నెయ్యి సీసాలు పోతే అంత నష్టం వస్తుంది? అయినా సరుకు పోయాక కెమెరా చూపిస్తుంది, పోకుండా ఆపదు. రోజంతా స్క్రీన్ ముందు కూర్చునే తీరిక ఏ కొట్లో ఎవరికుంది?

మా కొట్లో ఫలించింది పిన్ని ఉపాయం. గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, వచ్చిన ప్రతివాణ్ణీ "హెల్మెట్ ఇలా ఇచ్చెయ్ నాన్నా, బుట్ట తీసుకో. ఏం కావాలి?" అంటుంది. తనని ఒకరు చూశారని తెలిశాక చెయ్యి అంత తేలిగ్గా ఆడదు. నెయ్యి, జీడిపప్పు, యాలకులు, బ్లేడ్లు మళ్లీ కౌంటర్ వెనక్కి చేరాయి. మిగతావి బయటే. అన్నీ లోపల పెడితే పాత బేరమే మిగులుతుంది మరి. ఆదివారం రాత్రి పదిరకాల సరుకు మాత్రం చేత్తో లెక్కపెడతారు.

పోయిన నెల రెండు బిస్కెట్ ప్యాకెట్లు, ఒక షాంపూ తగ్గాయి. బాబాయి వాటిని పుస్తకంలో కరెంటు బిల్లు కింద రాసుకున్నాడు.