హంబన్‌టోట జప్తు కాలేదు, గుత్తకు పోయింది

“శ్రీలంకకు చైనా కావాలనే అప్పులిచ్చి ముంచింది. కట్టలేకపోతే హంబన్‌టోట పోర్టు జప్తు చేసుకుంది. ఇప్పుడు అక్కడ చైనా నేవీ బేస్ ఉంది, మన శ్రీహరికోటలో రాకెట్ లేస్తే ముందు వాళ్లకే తెలుస్తుంది. 2022లో లంక దివాలా తీసింది కూడా చైనా అప్పుల వల్లే. ఇంత జరుగుతున్నా మన దేశం చూస్తూ ఊరుకుంది. పది మందికి పంపండి.”

ఈ మెసేజ్ పోయిన వారం నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది. మూడోసారి పంపింది మా బావ. ఆయనకు బంగారుపాళ్యం దగ్గర తోతాపురి తోట ఉంది. సీజన్ అయిపోయిందంటే ప్రపంచ రాజకీయాలు పట్టుకుంటాడు. “నువ్వు పోర్టుల పనిలోనే ఉన్నావు కదా, నిజమేనా?” అని కింద రాశాడు. నేనుండేది పోర్టులో కాదు, చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో. ఎగుమతి కాగితాలు చూస్తాను. ఇరవై అడుగుల కంటైనర్‌కు 80 డ్రమ్ములు, ఒక్కో డ్రమ్ములో 215 కిలోల గుజ్జు. లారీ చెన్నై పోతుంది, అక్కడ డబ్బా ఓడెక్కుతుంది, చాలాసార్లు కొలంబోలో దిగి ఇంకో పెద్ద ఓడ మారుతుంది. లంక రేవులతో నాకున్న సంబంధం అంతే. రోజూ కళ్లబడే పేరు కదా అని అప్పుడప్పుడూ చదువుతూ వచ్చాను. బావకు రెండు ముక్కల్లో చెబుదామని మొదలుపెడితే ఇంతైంది.

“చైనా కావాలనే అప్పులిచ్చి ముంచింది.”

హంబన్‌టోటలో పోర్టు కట్టాలన్న ఆలోచన చైనాది కాదు, లంకవాళ్లదే. 2003లో కెనడా కంపెనీ ఎస్‌ఎన్‌సీ లావలిన్ అక్కడికి వచ్చి పరిశీలించి, కట్టొచ్చు అని రిపోర్టు ఇచ్చింది. 2006లో డెన్మార్క్ కంపెనీ రాంబోల్ కూడా దాదాపు అదే చెప్పింది. ఈ మధ్యలో, 2005 చివర్లో, మహింద రాజపక్స అధ్యక్షుడయ్యారు. హంబన్‌టోట ఆయన సొంత జిల్లా. సొంత జిల్లాకు ఒక పోర్టు, ఒక ఎయిర్‌పోర్టు, ఒక క్రికెట్ స్టేడియం. మూడూ వచ్చాయి, మూడింటికీ ఆయన పేరే పెట్టారు. ఈ ముచ్చట మనకు కొత్తగా చెప్పక్కర్లేదు.

డబ్బు మాత్రం చైనాది. 2007లో చైనా ప్రభుత్వ బ్యాంకు ఎగ్జిమ్ 30.7 కోట్ల డాలర్లు ఇచ్చింది, వడ్డీ 6.3 శాతం. ఎక్కువే. కానీ అదే ఏడాది లంక మొదటిసారి అంతర్జాతీయ మార్కెట్లో బాండ్లు, అంటే అప్పు పత్రాలు, అమ్మి 50 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. దాని వడ్డీ 8.25 శాతం. ఆ బాండ్లు కొన్నవాళ్లు పాశ్చాత్య దేశాల ఫండ్లవాళ్లు, ఇంకా అలాంటివాళ్లు. వాళ్ల గురించి ఎవరూ ఫార్వర్డ్ రాయరు. 2012లో పోర్టు రెండో దశకు చైనా ఇచ్చిన 75.7 కోట్ల డాలర్లకు వడ్డీ 2 శాతం.

అలాగని చైనాకు మార్కులు వేయడం లేదు. అప్పిచ్చింది వాళ్ల బ్యాంకు, పోర్టు కట్టింది వాళ్ల కంపెనీ. డబ్బు ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసుకున్నట్టే. 2012 మొత్తంలో ఆ రేవుకు వచ్చిన ఓడలు 34. వ్యాపారం లేదని తెలిసీ రెండో దశకు డబ్బిచ్చారు. ఇందులో అత్యాశ ఇద్దరిదీ. ఉచ్చు అనాలంటే మాత్రం ఒకడు పన్నాలి, ఇంకొకడు తెలియక అందులో పడాలి. ఇక్కడ పడినవాడే గుంత తవ్వమని అడిగాడు.

“కట్టలేకపోతే జప్తు చేసుకుంది.”

మొత్తం మెసేజ్‌కు ఇదే ఆయువుపట్టు. ఎక్కువ తప్పులున్నదీ ఇక్కడే.

బావా, నీ తోట లెక్కలోనే చెబుతాను. నువ్వు బ్యాంకులో అప్పు తీసి బోర్లు వేసి తోట పెట్టావు. కాయ దిగుబడి లేదు. అదే సమయంలో బయట ఇంకో నలుగురికి నువ్వు ఎక్కువ వడ్డీకి బాకీ పడ్డావు, వాళ్లు ఇంటి ముందు కూర్చున్నారు. బ్యాంకు వాయిదాలు మాత్రం నువ్వు తప్పలేదు. చేతికి డబ్బు కావాలి, తోట చూసుకునే ఓపిక లేదు. ఆ బ్యాంకు మేనేజరు బంధువుకే తోట గుత్తకిచ్చి, ఆ డబ్బు పట్టుకెళ్లి బయటి బాకీవాళ్ల నోళ్లు మూయించావు. బ్యాంకు అప్పు అలాగే ఉంది, ఇంకా నువ్వే కడుతున్నావు. దీన్ని జప్తు అంటారా?

హంబన్‌టోటలో జరిగింది అచ్చం ఇదే. 2015 జనవరిలో రాజపక్స ఓడిపోయారు. చైనా ప్రాజెక్టుల మీద విమర్శలు చేసి గెలిచిన అధ్యక్షుడు సిరిసేన, ప్రధాని రణిల్ విక్రమసింఘె ప్రభుత్వం ఖజానా తెరిచి చూస్తే డాలర్లు లేవు. తొందరపెడుతున్నవి ముఖ్యంగా బాండ్లు, ఇతర విదేశీ అప్పులు. పోర్టు నడిపేవాళ్లు కావాలి, డాలర్లూ కావాలి. 2017 జూలై 29న చైనా ప్రభుత్వ సంస్థ అయిన చైనా మర్చంట్స్ పోర్ట్ కంపెనీతో ఒప్పందం కుదిరింది: 112 కోట్ల డాలర్లు, 99 ఏళ్ల లీజు, సుమారు 70 శాతం వాటా. మిగతా వాటా లంక పోర్ట్స్ అథారిటీది. ఆ 112 కోట్లు ఎగ్జిమ్ బ్యాంకు అప్పు కింద జమ కాలేదు. విదేశీ మారక నిల్వల్లోకి పోయాయి, అక్కడి నుంచి వేరే బాకీలకు పోయాయి. పోర్టు కోసం తెచ్చిన అప్పు లంక ప్రభుత్వ ఖాతాలోనే మిగిలింది. అప్పటికి ఆ అప్పు ఎగ్గొట్టిందీ లేదు.

99 ఏళ్లు అంటే మూడు తరాలు. లంకవాళ్లకే అది మింగుడు పడలేదు. 2017 జనవరిలో హంబన్‌టోటలో బౌద్ధ భిక్షువులు, ఊరివాళ్లు రోడ్డెక్కి పోలీసులతో తలపడ్డారు. చెడ్డ బేరం అంటే నేనూ ఒప్పుకుంటాను. జప్తు అన్నమాట మాత్రం ఇంకో చోటి నుంచి ఊపందుకుంది. 2018 అక్టోబరులో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ చైనా మీద చేసిన ప్రసంగంలో ఇదే కథ చెప్పారు, అది త్వరలో సైనిక స్థావరం కావచ్చు అని కూడా అన్నారు. చైనాతో పోటీలో ఉన్న దేశం చెప్పిన మాటను మనం తెలుగులోకి దించుకుని పది మందికి పంపుతున్నాం. చైనా మన చుట్టూ వరసగా రేవులు పట్టుకుంటోందనే అర్థంలో “ముత్యాల హారం” అని టీవీల్లో వాడే మాట కూడా అంతే, 2005లో అమెరికా రక్షణ శాఖ కోసం ఒక కన్సల్టింగ్ కంపెనీ తయారు చేసిన నివేదికలోంచి వచ్చింది.

ఇంకో ముచ్చట. పోర్టు కట్టించిన రాజపక్స, గుత్తకిచ్చిన రణిల్, ఇద్దరూ తిరుమల వచ్చి స్వామి దర్శనం చేసుకున్నవాళ్లే. రాజపక్స 2020 ఫిబ్రవరిలో ప్రధానిగా వచ్చారు. ఇద్దరూ ఢిల్లీతో మాట్లాడారు, ఇద్దరూ బీజింగ్‌తో బేరం ఆడారు. ఫార్వర్డ్‌లో మాత్రం లంకవాళ్లకు నోరే ఉండదు, వాళ్లను ఎవరో ముంచుతుంటారు, ఎవరో తేల్చుతుంటారు.

“అక్కడ చైనా నేవీ బేస్ ఉంది, శ్రీహరికోట మీద నిఘా.”

చైనాకు విదేశంలో బహిరంగంగా ఉన్న సైనిక స్థావరం ఆఫ్రికాలోని జిబూటీలో ఉంది, 2017లో తెరిచారు. అదే ఊళ్లో అమెరికా, ఫ్రాన్స్, జపాన్, ఇటలీ స్థావరాలూ ఉన్నాయి. హంబన్‌టోటలో చైనా యుద్ధనౌకల దళమేదీ మకాం వేయలేదు. పైగా లంక నేవీ దక్షిణ కమాండ్‌ను గాలె నుంచి అక్కడికి మారుస్తామని 2018లో కొలంబో ప్రకటించింది. రేపు ఏమవుతుందో అన్న అనుమానం తప్పు కాదు, అమెరికా రక్షణ శాఖ నివేదికలు కూడా చైనా కన్నేసిన దేశాల్లో శ్రీలంకను చేర్చాయి. అనుమానం వేరు, “ఉంది” అనడం వేరు.

అసలు కంగారు పడాల్సిన సంగతి ఫార్వర్డ్ రాసినవాడికి తెలియనే లేదు. 2014లో చైనా సబ్‌మెరైన్ నిజంగానే లంకకు వచ్చింది, రెండుసార్లు. ఆగింది హంబన్‌టోటలో కాదు, కొలంబోలో, చైనా మర్చంట్స్‌కు 85 శాతం వాటా ఉన్న కంటైనర్ టెర్మినల్ దగ్గర. ఢిల్లీ గట్టిగా అభ్యంతరం చెప్పింది. 2017లో మళ్లీ అడిగితే లంక ఒప్పుకోలేదు.

ఇక శ్రీహరికోట. 2022 ఆగస్టు 16న యువాన్ వాంగ్ 5 అనే చైనా ఓడ హంబన్‌టోటకు వచ్చి 22న వెళ్లిపోయింది. ఉపగ్రహాలను, క్షిపణులను వెంటాడి కొలిచే పెద్ద పెద్ద డిష్‌లున్న ఓడ అది. మన ప్రభుత్వం వద్దంది, లంక కొన్ని రోజులు ఆపి, తర్వాత షరతులతో రానిచ్చింది. ఆ ఓడ ప్రమాదకరమే. కానీ దాని పనికి పోర్టు అక్కర్లేదు. తీరానికి 12 నాటికల్ మైళ్ల అవతల సముద్రంలో ఏ దేశపు ఓడైనా తిరగొచ్చు. అదే ఏడాది నవంబరులో దాని జత ఓడ యువాన్ వాంగ్ 6 మన క్షిపణి పరీక్షకు సమయం దగ్గరపడిన రోజుల్లో హిందూ మహాసముద్రంలోకి వచ్చింది, హంబన్‌టోటలో లంగరు వేయకుండానే.

పైగా శ్రీహరికోట రాకెట్ రహస్యమేం కాదు. తేదీ, టైమూ ముందే చెబుతారు, టీవీలో లైవ్ ఇస్తారు, పేరు నమోదు చేసుకుంటే గ్యాలరీలో కూర్చుని చూడొచ్చు. సూళ్లూరుపేటలో మిద్దెనెక్కినవాడు ఏ డిష్షూ లేకుండానే చూస్తాడు. దాచుకోవాల్సినవి క్షిపణి పరీక్షలు, అవి ఎక్కువగా జరిగేది ఒడిశా తీరంలో.

లంక వల్ల మన రాకెట్‌కు నిజంగా ఉన్న చిక్కు ఏమిటంటే, అది దారికి అడ్డంగా ఉండటం. ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్యకు పోవాలంటే రాకెట్ దక్షిణానికి పోవాలి. శ్రీహరికోట నుంచి నేరుగా వెళ్తే కింద లంక. మన పీఎస్‌ఎల్‌వీ రాకెట్ అందుకే ముందు ఆగ్నేయంగా పోయి, ఆ దీవిని తప్పించి పక్కకు తిరుగుతుంది. ఆ మలుపుకు ఇంధనం ఖర్చు, మోసే బరువు తగ్గుతుంది. తమిళనాడులోని కులశేఖరపట్నంలో చిన్న రాకెట్ల కోసం ఇంకో కేంద్రం కడుతున్నది ఇందుకే, 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన అయింది.

“లంక దివాలా చైనా అప్పుల వల్లే.”

2022 ఏప్రిల్ 12న లంక విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేసింది. అప్పటికి ప్రభుత్వ విదేశీ అప్పులో చైనా వాటా, ప్రభుత్వ సంస్థల పేరు మీద ఉన్నవి కూడా కలిపితే, దాదాపు ఐదో వంతు. బాండ్లవి మూడో వంతు పైగా. చైనా వాటా చిన్నదని అనను, కానీ “వల్లే” అనడానికి లెక్క సరిపోదు. 2019 ఏప్రిల్‌లో ఈస్టర్ నాడు బాంబు దాడులు జరిగాయి, టూరిస్టులు తగ్గారు. ఆ ఏడాది చివర్లో వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి తగ్గించారు, ఆదాయం పడిపోయింది. తర్వాత కరోనా. 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపేశారు, వరి, తేయాకు దెబ్బతిన్నాయి. యూరియా ఒక్క వారం లేటైతేనే ఎరువుల షాపు ముందు ఏం జరుగుతుందో బావకు నేను చెప్పాలా?

“మన దేశం చూస్తూ ఊరుకుంది.”

2022లో భారత్ ఇచ్చిన సాయం దాదాపు 400 కోట్ల డాలర్లు: డీజిల్, బియ్యం, మందులు, పాత బాకీలకు గడువు పెంపు. అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) డబ్బు రావాలంటే, అప్పులిచ్చినవాళ్లు బాకీల్లో సడలింపు ఇస్తామని హామీ ఇవ్వాలి; అది చైనా కంటే ముందు మనమే ఇచ్చాం. ట్రింకోమలైలో బ్రిటిష్‌వాళ్ల కాలపు 99 చమురు ట్యాంకుల మీద 2022 జనవరిలో ఒప్పందం కుదిరింది. ఎదురుదెబ్బలూ ఉన్నాయి: కొలంబో తూర్పు టెర్మినల్‌ను భారత్, జపాన్‌లకు ఇస్తామని చెప్పి, 2021 ఫిబ్రవరిలో లంక ప్రభుత్వం మాట మార్చింది. బదులుగా పశ్చిమ టెర్మినల్ అదానీ కంపెనీకి ఇచ్చారు, అది 2025 ఏప్రిల్‌లో పని మొదలుపెట్టింది. అదే ఏడాది జనవరిలో లంక హంబన్‌టోటలో 370 కోట్ల డాలర్ల రిఫైనరీకి చైనా కంపెనీ సైనోపెక్‌తో సంతకం చేసింది. లంకలో ఇప్పుడు ఐఓసీ బంకులూ ఉన్నాయి, సైనోపెక్ బంకులూ ఉన్నాయి. ఎవడు బాగా ఇస్తే వాడి దగ్గర పోయించుకుంటున్నారు.

ఇదంతా గ్రూపులో పెట్టాను. బావ రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. చదివాడో, సగంలో ఆపాడో తెలియదు. “అదంతా సరేరా, మొన్న మన కాయతో తీసిన గుజ్జు డబ్బా కొలంబోలో ఏ టెర్మినల్‌లో దిగింది?” అన్నాడు. ట్రాకింగ్ తెరిచి చూశాను. చైనావాళ్ల టెర్మినల్. మూడు రోజులు అక్కడే ఆగి, రాటర్‌డామ్ ఓడ ఎక్కింది.