పేరు కాదు, అడ్రస్ చూడండి సామీ

అనంతపురం వేరుశనగ వ్యాపారి మొదలు కడప పింఛనుదారు దాకా అందరి మెయిల్‌కూ ఇదే పీడ: "24 గంటల్లో కేవైసీ చేయకుంటే ఖాతా బంద్." మెయిల్ పైన పంపినవారిగా కనిపించే బ్యాంకు పేరు ఎవడైనా పెట్టుకోవచ్చు. ఆ పేరును నొక్కితేనే అసలు అడ్రస్ బయటపడేది. లింకులోనూ సైటు పేరు చివర, అంటే మొదటి '/' గీతకు ముందు, ఏముందో చూడండి. ఆర్‌బీఐ ఆదేశంతో బ్యాంకుల సైట్లు 2025 అక్టోబరు 31 కల్లా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' (.bank.in)కు మారాల్సి ఉండింది. అది సైటు పేరు మధ్యలో ఉండి, చివర ఇంకేదో తగిలించి ఉంటే దొంగదే.

ఓటీపీ ఇచ్చేసి, పరువు పోతుందని రెండ్రోజులు దాచిపెడతారు చూడండి, అక్కడే కడుపు మండేది! గంటల్లోనే దొంగలు లాగేసిన డబ్బు ఖాతాలు మారిపోతుంది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి. ఆ మెయిల్ మాత్రం తుడిచేయొద్దు, ఫిర్యాదుకు అదే ఆధారం.