మొక్కై వంగాలి సరే, ఎన్నేళ్లలోపు?

డిగ్రీ ప్రవేశాలు మొదలవగానే హైదరాబాద్ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం ఏటా తిరుగుతుంది. మనస్తత్వశాస్త్రం దండగ చదువట. అందులో ఉన్నదంతా అమ్మమ్మలకు తెలిసిందేనట. దాని ప్రయోగాలు సగానికి పైగా తప్పని తేలాయట. పాశ్చాత్యుల గొడవ మనకెందుకట. లెక్కలు రానివాళ్లు చేరతారట, ఉద్యోగాలు రావట. ఈ నగరంలోనే ఎంఏ చదివి, పన్నెండేళ్లుగా సాంఘిక మనోవిజ్ఞానం, శిశువికాసం బోధిస్తున్నాను. ఈసారి ఆ సందేశం చదివి ఒక తండ్రి, డిగ్రీ ప్రవేశాల వెబ్‌సైట్ దోస్త్‌లో కూతురు పెట్టుకున్న ఆప్షన్లు మార్పించారు. అందుకే ఇది రాయక తప్పలేదు.

అమ్మమ్మలకు అన్నీ తెలుసు అన్న మాట దగ్గర మొదలుపెడతాను. పెద్దల అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఒకరోజు ‘ఆలస్యం అమృతం విషం’ అన్న నోటితోనే మరునాడు ‘నిదానమే ప్రధానం’ అంటాం. ఏది ఎప్పుడు నిజమో సామెత చెప్పదు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అంటాం. మొక్క ఏ వయసులో మానవుతుంది? రెండేళ్లకా, పదేళ్లకా? రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000 ప్రాంతంలో మొదలైన ఒక పరిశోధన ఈ ప్రశ్నకే జవాబు వెతికింది. అనాథాశ్రమాల్లోని 136 మంది పసిపిల్లల్లో సగం మందిని, చీటీలు తీసినట్టు ఎంచి, పెంపుడు కుటుంబాలకు పంపారు. ఏళ్ల తరబడి గమనిస్తే, కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లల తెలివితేటలు, పెంచినవారితో అనుబంధం మెరుగయ్యాయి. రెండేళ్లలోపు వెళ్లినవారికి ఆ మేలు ఎక్కువగా దక్కింది. అలాగని అన్ని సామర్థ్యాలకూ ఒకే గడువు లేదనీ తెలిసింది. అనాథ పసిపిల్లలను ఉంచే శిశువిహార్‌లోని బిడ్డను ఎంత త్వరగా ఒక ఇంటికి చేర్చాలో నిర్ణయించే అధికారికి కావలసింది సామెత కాదు, ఈ లెక్క.

నిపుణుల ఊహ కూడా పొరబడుతుంది. 1960లలో అమెరికాలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనోవిజ్ఞాని, ప్రయోగం చేయించేవారు చెప్పారని మనుషులు ఎదుటివారికి ప్రమాదకరమైన షాకులు ఇస్తారా అని మానసిక వైద్యులను అడిగారు. అత్యధిక షాకుదాకా వెళ్లేది వెయ్యికి ఒకరేనన్నారు. తొలి ప్రయోగంలో 40 మందిలో 26 మంది వెళ్లారు. షాకులు ఉత్తుత్తివే, ఆ సంగతి వాళ్లకు తెలియదు.

ప్రయోగాలు తప్పని తేలాయన్న మాటలో నిజం ఉంది, దాచను. 2015లో 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే మూడింట ఒక వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే నిలబడ్డాయి. ఆ పని చేసింది ఎవరు? సుమారు 270 మంది పరిశోధకులు, ఎక్కువగా ఈ రంగంవారే, తమ సొంత ఇంటి పునాదిని తామే తవ్వి చూసుకున్నారు. ఎదురుగా ఉన్న మిఠాయి తినకుండా కాసేపు ఆగిన పిల్లలే పెద్దయ్యాక రాణిస్తారన్న ప్రసిద్ధ ప్రయోగం సంగతి చూడండి. 2018లో మరింత మంది పిల్లలతో పరిశీలిస్తే, కుటుంబ పరిస్థితులను లెక్కలోకి తీసుకున్నాక ఆ సంబంధం చాలావరకు కరిగిపోయింది. పేద పిల్లవాడిని నిగ్రహం లేనివాడనే బడిపంతులుకు ఈ దిద్దుబాటు తెలియాలి. అది ఈ తరగతిలోనే చెబుతాం.

ఇక పాశ్చాత్యుల గొడవ. 1934 జనవరి 15న బీహార్‌లో భూకంపం వచ్చింది. ప్రకంపనలు తగిలినా నష్టం జరగని ప్రాంతాల్లో, ఇంతకంటే పెద్ద విపత్తు రాబోతోందని పుకార్లు చెలరేగాయి. వాటిని సేకరించి విశ్లేషించినవారు మన దేశపు మనోవిజ్ఞాని జమునా ప్రసాద్. భయం ముందే పుట్టింది, దానికి తగిన కారణాన్ని పుకారు సమకూర్చింది అని అమెరికా మనోవిజ్ఞాని లియాన్ ఫెస్టింజర్ ఆ సమాచారాన్ని అర్థం చేసుకున్నారు. మనసులో ఒకదానితో ఒకటి పొసగని భావాలుంటే ఆ ఇబ్బందిని తగ్గించుకోవాలని చూస్తామని చెప్పే, 1957లో వెలువడిన ఆయన సుప్రసిద్ధ సిద్ధాంతానికి దారి చూపినవి ఆ బీహార్ పుకార్లే. ఒడిశాలో మనోవిజ్ఞాని అజిత్ మహంతి కోంధు గిరిజన పిల్లలను పరిశీలించి, వారి కుయి భాష, ఒడియా రెండూ వచ్చినవారు ఒకే భాష వచ్చినవారికంటే ఆలోచనా సామర్థ్యంలో మెరుగ్గా ఉన్నారని చూపారు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాట్లాడే పాతబస్తీ పిల్లల గురించి మనం ఇలాంటి ప్రశ్నలెన్నో అడగాలి. ఈ శాస్త్రంలో పాశ్చాత్య కళాశాల విద్యార్థుల మీద చేసిన పరిశోధనలే ఎక్కువన్నది నిజమే. మన పిల్లలను ఈ చదువుకు దూరం చేస్తే ఆ లోటు ఎవరు పూడుస్తారు?

లెక్కలు రానివాళ్ల చదువన్న మాటకు జవాబు చిన్నది. సహసంబంధం, ప్రామాణిక విచలనం లాంటి గణాంకశాస్త్రపు లెక్కలు లేకుండా ఈ డిగ్రీ పూర్తికాదు.

ఉద్యోగాల విషయంలో తల్లిదండ్రుల భయాన్ని తేలిగ్గా తీసుకోను. ఎంఏ చేసినంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్టు కాలేరు, దానికి భారత పునరావాస మండలి గుర్తించిన శిక్షణ వేరే ఉంది. మొదటి జీతాలు సాఫ్ట్‌వేర్ జీతాల్లా ఉండవు. కానీ పని లేదనడం అబద్ధం. మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984 నుంచి సికింద్రాబాద్‌లో జాతీయ సంస్థే నడుస్తోంది. బడుల్లో, పునరావాస కేంద్రాల్లో, సర్వేల్లో ఈ చదువుతో పని ఉంది. ఉపాధ్యాయులు కావాలనుకునేవారు రాసే టెట్‌లో 150 మార్కులకు 30 శిశువికాసం, బోధన పద్ధతులవే.

చేర్పించే ముందు కళాశాలకు వెళ్లి మూడు సంగతులు అడగండి. ప్రయోగశాల ఉందా? గణాంకశాస్త్రం ఎవరు చెబుతారు? విద్యార్థులను అంగన్‌వాడీకో, ప్రత్యేక అవసరాల పిల్లల బడికో ఎన్ని రోజులు పంపుతారు? జవాబులు తృప్తిగా లేకపోతే ఆ కళాశాల వద్దనండి. అమ్మాయి ఎంచుకున్న సబ్జెక్టును మాత్రం మార్పించకండి.