వారానికి ఒక బిర్యానీ, 86 ఏళ్లు

నిన్న నార్సింగిలో మా మరిది వాళ్ల గృహప్రవేశానికి వెళ్లొచ్చాం. పద్నాలుగో అంతస్తు, మూడు బెడ్‌రూములు, కోటీ 80 లక్షలు. పాలు పొంగాయి, వ్రతం అయింది, గుత్తి వంకాయ అదిరింది. అప్పటిదాకా నాకు ఎవరి మీదా కోపం లేదు. ఐస్‌క్రీం దగ్గర నిలబడి ఉంటే ఆ మహానుభావుడు వచ్చి పదిమందిలో అన్నాడు: "వదినా, ఇంకా నిజాంపేటలో అద్దెకేనా? నెలకి స్విగ్గీకి ఎంత తగలేస్తున్నారో ఒకసారి లెక్క రాసుకోండి. మేమలా రాసుకునే ఇక్కడిదాకా వచ్చాం."

సరే, రాసుకున్నాను. ఇంటికొచ్చి చీర కూడా మార్చుకోకుండా రాసుకున్నాను. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు అన్నీ కలిపి 7.5 శాతం. కోటీ 80 లక్షలకి 13 లక్షల 50 వేలు. బిర్యానీ 300 వేసుకుంటే 4,500 బిర్యానీలు. వారానికి ఒకటి మానేస్తే 86 ఏళ్లు పడుతుంది. అదీ ఒక్క రిజిస్ట్రేషన్‌కే. కట్టేటప్పుడు కొంటే పడే 5 శాతం జీఎస్టీ ఇందులో లేదు, దానికి మళ్లీ పుట్టాలి.

ఆ ఇల్లు ఎలా వచ్చిందో మా వాళ్లందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. నేనే చెప్తాను. వాడి నాన్న, అంటే మా చినమామయ్యగారు, బ్యాంకు ఉద్యోగి. 1994లో మదీనాగూడలో 267 గజాల స్థలం కొన్నారు. గజం వెయ్యి కూడా లేని రోజులు. నక్కలు తిరిగే చోట ఎందుకండీ అని అందరూ నవ్వారట. నక్కలు పోయాయి, పక్కన మియాపూర్‌కి మెట్రో వచ్చింది. పోయినేడాది అమ్మితే కొడుకులిద్దరికీ చెరో కోటి. మిగిలిన 80 లక్షలే వీడి లోను. ఆ కోటి లేకపోతే ఆ 80 లక్షలు పట్టుకుని నార్సింగిలో ఏం కొంటాడు, బాల్కనీయా?

పెద్దాయన్ని నేనేమీ అనను. నిన్న ఆయన ఒక మూల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు, ఎవరైనా కాఫీ తెస్తారేమోనని చూస్తూ. నేనే తీసుకెళ్లి ఇచ్చాను. కొడుకుగారి విజయగాథలో ఆయన పేరు ఒక్కసారి రాలేదు. డిసిప్లిన్ వచ్చింది, మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే సిప్ వచ్చింది, ఐదింటికి లేవడం కూడా వచ్చింది.

మా ఆయనదీ వాడిదీ ఒకే రకం ఉద్యోగం. జీతాల్లో తేడా పదిహేను వేలు. ఇద్దరూ మిడిల్ క్లాసే అనుకుంటారు, ఎవర్నడిగినా అదే చెప్తారు. మా చిన్నప్పుడు ఆ మాటకి ఒక అర్థం ఉండేది. కాలనీలో అందరిదీ చేతక్ స్కూటరే, అందరూ ఇరవై ఐదో తారీఖు తర్వాత కొట్లో ఖాతా రాయించుకునేవాళ్లే. ఇప్పుడు జీతం స్లిప్పు చూసి ఎవరు ఏ క్లాసో చెప్పలేం, నాన్న 90ల్లో ఎక్కడ స్థలం కొన్నాడో అడగాలి. కోకాపేటలో 2023లో వేలం పెడితే ఎకరం 100 కోట్లు దాటింది కదా. ఆ చుట్టుపక్కల ఒక ముక్క ఉన్నవాడి పిల్లలకి డిసిప్లిన్ దానంతట అదే వస్తుంది.

మా మామగారికి స్థలం ఎందుకు లేదంటారా? సంపాదించింది చెల్లెళ్ల పెళ్లిళ్లకి పెట్టారు. చినమామయ్యగారు అప్పటికి ఇంకా చదువుకుంటున్నారు, అందుకని ఆయనకి ఖర్చు పడలేదు. ఈ ముక్క ఏ వ్రతంలోనూ చెప్పరు. 2004లో నా పెళ్లికి మా నాన్న ఇచ్చిన 4 లక్షల కట్నం కూడా ఆర్నెల్లు తిరక్కుండా మా ఆడపడుచు పెళ్లికి వెళ్లిపోయింది. నేను కళ్లతో కూడా చూడలేదు. కట్నం నిషేధం చట్టం 1961 నాటిది, అది వేరే సంగతి.

కానీ ఆ 4 లక్షలు మాత్రం మా పుట్టింట్లో ఇప్పటికీ బతికే ఉన్నాయి. ఎలాగంటారా? నాన్న పోయిన ఏడాదికి, 2012లో, తమ్ముడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి రమ్మన్నాడు. తుళ్లూరు దగ్గర కృష్ణ ఒడ్డున తాతగారి నాటి రెండెకరాల జరీబు, అంటే నది పక్కన నీళ్లున్న సారవంతమైన భూమి. "అక్కా, నీకు కట్నం ఇచ్చేశాం కదా, అమ్మని చూసుకునేది నేనే కదా" అన్నాడు. హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టాను. ఒక పట్టుచీర, పసుపు కుంకుమ, మధ్యాహ్నం మంగళగిరిలో భోజనం. ఆడపిల్లకీ ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా అని ఎన్టీఆర్ హయాంలో చట్టం తెచ్చి 1985 నుంచే వర్తించేలా చేశారు, దేశమంతటికీ వచ్చింది 2005లో. 1985 నాటికి నాకు మూడేళ్లు. మూడేళ్ల వయసులో నాకున్న హక్కు ముప్పై ఏళ్లకి చీరకి ఇచ్చేశాను. ఎవరూ బలవంతపెట్టలేదు. అదే ఇంకా మంట. "చీర బాగుందే" అని కూడా అన్నాను.

రెండేళ్లకి అక్కడికే అమరావతి రాజధాని వచ్చింది. భూసమీకరణలో ప్రభుత్వానికి ఇచ్చిన జరీబు ఎకరానికి బదులుగా ఇళ్ల స్థలం 1,000 గజాలు, వాణిజ్య స్థలం 450. రెండెకరాలకి లెక్క మీరే వేసుకోండి, నేను వేసీ వేసీ అలసిపోయాను. 2019 డిసెంబరులో మూడు రాజధానులు అన్నప్పుడు తమ్ముడు ఫోన్లో ఏడ్చినంత పని చేశాడు. ఓదార్చాను. ఫోన్ పెట్టేసి ఆ రోజు రెండు కప్పుల టీ ఎక్కువ తాగాను. పాపమో పుణ్యమో మీరే చెప్పండి. 2024లో మళ్లీ రేట్లు లేచాయి, ఇప్పుడు వాడు నాతో ఐదు నిమిషాలకి మించి మాట్లాడడు, బిజీ.

అమ్మ ఎక్కడుందనుకుంటున్నారు? ఏడాదిలో ఏడు నెలలు నా దగ్గరే, నిజాంపేటలో, మా రెండు గదుల అద్దె ఇంట్లో. తమ్ముడింట్లో మెట్లున్నాయట, మోకాళ్లు ఒప్పుకోవట. నిన్న రాత్రి నా లెక్కల కాగితం చూసి "బిర్యానీ ఎవరికే ఇన్ని?" అంది.

ఈ పోస్టు మా వాళ్లు చూస్తారని తెలుసు. చూడనీ. తమ్ముడు కూడా చూస్తాడు. పొద్దున్నే వాడి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. అప్పటి కాగితంలో నా ఇంటిపేరు తప్పు పడిందట, బ్యాంకువాళ్లు ఒప్పుకోవట్లేదట, ఒకసారి వచ్చి ఇంకో సంతకం పెట్టి వెళ్లాలట. "ఆధార్ మర్చిపోకు అక్కా, భోజనం ఇక్కడే" అని రాశాడు.

బ్లూ టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా ఇవ్వలేదు.