దసరా ఎగ్జిబిషన్ గారికి, పావంగుళం బాకీ విషయమై

మహారాజశ్రీ దసరా ఎగ్జిబిషన్ గారి దివ్యసముఖానికి,

బెజవాడ కాపురస్థులు, వాళ్ళ పిల్లలు, ఆ పిల్లలు కొనిపించుకుని గేటు దాటకముందే పగలగొట్టుకున్న బూరలు అందరూ కలిసి రాసుకున్న విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా వాన పడకుండా, జనరేటర్ ఆగకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాం.

మీకు ఉత్తరం రాయాలంటే మొదటి చిక్కు కవరు మీద చిరునామా. ఒకప్పుడు ‘స్వరాజ్య మైదానం, బందరు రోడ్డు’ అంటే చేరిపోయేది. పాతవాళ్ళ నోట ఇప్పటికీ అది పీడబ్ల్యూడీ గ్రౌండ్సే. 2024 జనవరి 19 నుంచి అక్కడ 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఉంది. ఆయన ఎదుట రింగులాట పెట్టుకుంటామంటే మీకే మొహమాటంగా ఉంటుంది. అందుకని ఏ ఖాళీ జాగా దొరికితే అక్కడ గుంజలు పాతుకుంటున్నారు. మిమ్మల్ని వెతకడం మాత్రం కష్టం కాదు లెండి. చీకటి పడ్డాక తలెత్తితే జెయింట్ వీల్ దీపాలు, తల దించితే ట్రాఫిక్ జామ్.

ఆశ్వయుజం రాగానే ఇంద్రకీలాద్రి మీద అమ్మవారు రోజుకో అలంకారంలో దర్శనమిస్తుంది. జనం క్యూలో గంటలు నిలబడి, దణ్ణం పెట్టుకుని, పులిహోర తిని, చెప్పులు వెతుక్కుని కొండ దిగుతారు. దిగీ దిగగానే పిల్లలడిగే మొదటి మాట “ఎగ్జిబిషన్‌కి ఎప్పుడు?” అమ్మవారి దగ్గర ఉచిత క్యూ కూడా ఉంది. మీ దగ్గర లేదు. మీ ప్రవేశ టిక్కెట్టుతో మేం కొనుక్కునేది లోపలున్న మిగతా టిక్కెట్టు కౌంటర్ల ముందు నిలబడే హక్కు. మనిషికి 50 చొప్పున అయిదుగురికి 250 అనుకుందాం. బండి నిలిపినందుకు ఇంకో 30. లోపలికి వచ్చి ఒక్కసారి గాలి పీల్చి వదిలేసరికి 280 రూపాయల పని అయిపోయింది. సరే, అది పండగ ఖర్చు. దాని మీద మాకు ఫిర్యాదు లేదు.

మా తగాదా పావంగుళం గురించి.

మీ రింగులాట దగ్గర నుంచే మొదలుపెడదాం. సబ్బు పెట్టె పొడవు మూడున్నర అంగుళాలు, వెడల్పు రెండుంపావు. రింగు లోపలి కొలత నాలుగు అంగుళాలు. చూసినవాడెవడైనా ఏమనుకుంటాడు? మూడున్నర మీద నాలుగు పట్టదా అనుకుంటాడు. పట్టదు. రింగు బల్లకి ఆనాలంటే పెట్టె నాలుగు మూలలూ దాని లోపలికి దిగాలి, అంటే మూల నుంచి మూలకు ఉన్న కొలతతో పని. అది నాలుగు అంగుళాల మీద ఇంకొంచెం. అక్కడ మీ రింగు పెట్టె నెత్తిన టోపీలా కూర్చుంటుంది. “బల్లకి ఆనాలండీ, రూలు” అని మీ కుర్రాడు చిరునవ్వుతో రింగు తీసేస్తాడు. అబద్ధం ఆడలేదు పాపం. రూలు బోర్డు మీదే ఉంది, పీచు మిఠాయి బండి వెనకాల.

పోనీ, రింగుకి పావంగుళం కలిపి నాలుగుంపావు చేశారనుకుందాం. అప్పుడు పడుతుంది, నేరుగా పైనుంచి చేత్తో పెడితే. తాడు అవతల నిలబడి విసిరిన రింగు ఏటవాలుగా వస్తుంది. 30 డిగ్రీలు వాలి వచ్చిన నాలుగుంపావు రింగు ఆ వాలు వైపున మూడు ముప్పావుకి కూడా ఆగదు. మీ తాడు దూరం ఎందుకంత కచ్చితంగా ఉంటుందో దీంతో తెలిసిపోతుంది. కింద పరిచిన నున్నటి చెక్క గురించి కూడా ఒక మాట. దాని మీద ప్లాస్టిక్ రింగు ఎగిరి పడుతుంది. అదే గోనెసంచి పరిస్తే పడ్డచోట పడి ఉంటుంది. ఎగ్జిబిషన్లలో గోనెసంచులకి కరువేమీ లేదు, బజ్జీ కొట్టు వెనక కట్టలుంటాయి.

కాబట్టి ఇకమీదట మావాళ్ళు డబ్బులిచ్చే ముందు “బాబూ, ఓసారి నువ్వే చేత్తో పెట్టి చూపించు” అని అడుగుతారు. చూపించని కొట్టు ముందు ఆగరు. చూపిస్తే, పెట్టెల జోలికి పోకుండా గుండ్రటి డబ్బాలకీ సన్నమెడ సీసాలకీ గురిపెడతారు. భుజం పైనుంచి విసరరు. నడుం వంచి, కంచం విసిరినట్టు మణికట్టు తిప్పి అడ్డంగా వదులుతారు. తిరుగుతూ పోయే రింగు వాలకుండా పోతుంది. ఇదంతా చేసినా పదింటికి ఒకటి పడితే గొప్ప. మీ లెక్క మాకు తెలుసు. రింగు అయిదు రూపాయలు, సబ్బు ముప్పై అయిదు అనుకుంటే ఏడింటికి ఒకటి పడితే మీకు అసలొస్తుంది. ఇరవైకి ఒకటి పడితే జాగా అద్దె, కరెంటు, కుర్రాడి జీతం పోను మిగులుతుంది. మిగలాలి కూడా. ఊరూరా తిరిగి గుడారం వేసుకునేవాడు పుణ్యానికి సబ్బులు పంచలేడు.

పక్క కొట్టు డబ్బాలాటలోనూ ఇదే పావంగుళం. కింద మూడు, మీద రెండు, పైన ఒకటి. కింది వరసలో ఒక డబ్బాలో ఇసుక, మరొకటి మిగతావాటి కంటే పావంగుళం వెనక్కి. గుడ్డ బంతి ముందున్నదానికి తగిలి సగం చచ్చి వెనకదాన్ని ముట్టుకుంటుంది. అయిదు పడతాయి, ఇసుక డబ్బా మాత్రం మనల్ని చూస్తూ నిలబడుతుంది. పై డబ్బాని కొట్టడం శుద్ధ దండగ. కొడితే కింది వరసలో రెండు డబ్బాలు కలిసే చోట కొట్టాలి.

బుడగల తుపాకి సంగతి వేరే చెప్పక్కర్లేదు. గురి చూసే రెండు ములుకుల మధ్య పదిహేను అంగుళాలుంటే, ముందుది పావంగుళం పక్కకి వంగినా పదడుగుల దూరాన గుండు దాదాపు రెండంగుళాలు తప్పుతుంది. దానికి తోడు సగమే ఊదిన బుడగలు. బిగువు లేని రబ్బరుకి గుండు తగిలినా లోపలికి నొక్కుకుని ఊరుకుంటుంది, పగలదు. మొదటి రెండు గుళ్ళూ పందెం కోసం కాల్చకూడదు. ఒకే బుడగకి గురిపెట్టి, వెనక అట్ట మీద ఎక్కడ తగిలిందో చూసుకుని, మూడోది అంత మేర ఎదురు వైపుకి జరిపి కాల్చాలి.

ఇంటావిడల కోసం పెట్టిన కూరలు తరిగే యంత్రం దగ్గర మీ అబ్బాయి కీరా, క్యారెట్టు, ఉర్లగడ్డ చకచకా పూరేకుల్లా తరిగేస్తాడు. అతని చేతిలో బెండకాయ ఎవరూ చూడలేదు. దొండకాయ, పండిన టమాటా అసలే చూడలేదు. గట్టి దుంప, కొత్త బ్లేడు, రోజంతా అదే పనిలో ఉన్న చెయ్యి. ఈ మూడింట్లో ఒకటే డబ్బాలో పెట్టిస్తారు, అదీ నెల తిరగ్గానే మొద్దుబారిపోతుంది.

ఇన్ని అన్నాక మీలో ఒక నిజాయితీపరుణ్ణి చెప్పకపోతే పాపం. బావిలో మోటారు సైకిలు నడిపేవాడు. అక్కడ మాత్రం పావంగుళం ఎవరూ కొట్టేయలేరు. అడుగున ఏటవాలు చెక్కల మీద వేగం అందుకుని నిలువు గోడకి ఎక్కుతాడు. గోడ అతన్ని లోపలికి నెడుతుంది, టైరుకీ చెక్కకీ ఉన్న పట్టు అతన్ని పడకుండా ఆపుతుంది. ముప్పై అడుగుల వెడల్పు బావిలో గంటకి 30 కిలోమీటర్లు కాస్త దాటితే నిలబడొచ్చు. చెక్క తడిసిందా, పట్టు తగ్గిపోతుంది, అప్పుడు ఆ వేగం చాలదు. అందుకే చినుకు పడితే ముందు మూతపడేది ఆ బావే. పైన అంచు మీద నిలబడి నోటు చాపితే అందుకుపోతాడు. ఆ నోటుకి ఇరవై రింగుల కంటే విలువ ఎక్కువ.

తిండి దగ్గరికి వద్దాం. ఇంత పెద్ద ఢిల్లీ అప్పడం, మీద కారం జల్లి ఇస్తారు. కృష్ణ ఒడ్డున ఆశ్వయుజపు గాలికి నాలుగు నిమిషాల్లో అది తడిగుడ్డ అయిపోతుంది. నిలబడిన చోటే తినెయ్యాలి, ఇంటికి పట్టుకెళ్ళడం అవివేకం. పీచు మిఠాయిదీ అదే గతి, చక్కెర గాల్లో తేమని పీల్చుకుంటుంది. దాని గులాబీ రంగు కొట్టొచ్చినట్టు మెరుస్తుంటే మాత్రం తెల్లది అడగడం మంచిది. బట్టలకి వేసే రోడమైన్-బి రంగు కలుపుతున్నారని 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తర్వాత తమిళనాడు పీచు మిఠాయినే నిషేధించాయి.

మిరపకాయ బజ్జీ విషయంలో గుంటూరు పక్కన ఉండి కొట్లాడటం మాకు పరువు తక్కువ. బజ్జీకి వాడేది లావుపాటి కారం లేని కాయ, మిర్చి యార్డు సరుకు కాదు, సరే. చీల్చి, గింజ తీసి, వాము, ఉప్పు, చింతపండు పెడతారు, సరే. నూనె మాత్రం నల్లగా, నురుగు కక్కుతూ, సన్నమంట మీదే పొగలు పోతోంది. దేశంలో 2018 జూలై 1 నుంచి ఒక నియమం ఉంది. మరిగీ మరిగీ నూనెలో పుట్టే పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే ఆ నూనె వంటకి పనికిరాదు. మీ బాణలిలో ఎంత శాతమో కొలిచే పరికరం మా దగ్గర లేదు. ముక్కు ఉంది. మూకుడు పక్కన నూనె డబ్బా కొత్తగా విప్పింది కనిపిస్తే ఆగుతాం, లేకపోతే శనగపిండి వాసన పీల్చుకుని ముందుకెళ్తాం.

ఎక్కాల్సినవన్నీ తినకముందే ఎక్కెయ్యాలని కూడా మీ గేటు మీద రాయండి. కొలంబస్ పడవలో కొసన కూర్చున్నవాడి పొట్ట ఎక్కువ ఊగుతుంది, నడిమిన కూర్చున్నవాడిది తక్కువ. బామ్మగారిని, బజ్జీ తిన్నవాళ్ళని నడిమిన కూర్చోబెడితే మిగతా జనానికి మేలు.

ఇప్పుడు అసలు సంగతి, జెయింట్ వీల్. దీని మూలపురుషుడు 1893లో షికాగో ఎగ్జిబిషన్‌లో తిరిగిన ఫెర్రిస్ గారి చక్రం. ఎత్తు 264 అడుగులు, 36 పెట్టెలు. ఆ ఎగ్జిబిషన్ పెట్టిందే కొలంబస్ అమెరికా చేరి నాలుగు వందలేళ్ళయిందని. మీ చక్రమూ మీ పడవా ఒకే మైదానంలో ఎదురుబొదురుగా ఉంటాయి, వాటికి ఈ చుట్టరికం తెలిసినట్టు లేదు.

షికాగో చక్రానికి కాంక్రీటు పునాది ఉండేది. మీది నాలుగు రోజుల్లో విప్పి లారీ ఎక్కించే సరుకు, చెక్క దిమ్మల మీద నిలబడుతుంది. దిమ్మల కింద మా నల్లరేగడి. అది తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే పగులుతుంది, బరువు పడితే ఒక వైపు కుంగుతుంది. పైగా మీరొచ్చేది హస్త, చిత్త కార్తెల్లో, బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టే రోజుల్లో. అడుగున పదడుగుల వెడల్పు, ఎత్తు నలభై అడుగులు ఉన్న చట్రానికి ఒక కాలు పావంగుళం కుంగితే పైన కొస ఒక అంగుళం పక్కకి ఒరుగుతుంది. అదిగో, మళ్ళీ అదే పావంగుళం.

రింగులో కొట్టేసినప్పుడు మేం నవ్వాం. ఇక్కడ నవ్వం.

వీల్ దగ్గర ఏమేం చూడాలో క్యూలో నిలబడే తెలుసుకోవచ్చు. సగం నీళ్ళున్న సీసా కంటి ఎత్తున పట్టుకుని, నీటి గీతనీ చట్రం అడుగు దూలాన్నీ పోల్చి చూస్తే ఒరిగిందీ లేనిదీ తెలుస్తుంది. తొట్టి వేలాడే ఇరుసుకి చివర చీల ఉండాలి, ఆ చీల జారకుండా క్లిప్పు ఉండాలి. క్లిప్పు స్థానంలో ఇనుప తీగో వంచిన మేకో కనిపిస్తే ఆ తొట్టికి దణ్ణం. తలుపు గడియతో పాటు గొలుసు కూడా ఉండాలి. జనాన్ని ఎక్కించేటప్పుడు ఒక తొట్టి నింపాక దానికి ఎదురు తొట్టి నింపాలి. వరసగా నింపుకుంటూ పోతే బరువంతా ఒక పక్కకి చేరి బ్రేకు జారుతుంది, చక్రం తనంతట తానే వెనక్కి దొర్లుతుంది. వాన వెలిశాక ఖాళీగా రెండు చుట్లు తిప్పి చూశాకే మనుషుల్ని ఎక్కించాలి. బ్రేకు దగ్గర కూర్చున్నవాడి కళ్ళు చక్రం మీద ఉండాలి, సెల్‌ఫోన్ మీద కాదు. ఎక్కే ఆడపిల్లలు చున్నీ, జడ ముడేసుకోవాలి.

కరెంటు సంగతి కూడా. ఇనుప చట్రం, తడి నేల, టేపు చుట్టిన జాయింట్లు. ఈ మూడూ ఒకచోట చేరితే ఎర్త్ తీగ ఉందా అని అడగడం మా హక్కు. “ఉందండీ” అనడం జవాబు కాదు, చూపించడం జవాబు.

అందువల్ల మేమొక రాజీ ప్రతిపాదిస్తున్నాం. రింగు మీద, డబ్బా మీద, తుపాకి ములుకు మీద పావంగుళం మీ ఇష్టం. పండగపూట అది మా చదివింపు. చక్రం కాలి కిందది, చీల మీద క్లిప్పు, బాణలిలో నూనె మాత్రం మావి. వాటిలో వెంట్రుకవాసి కూడా కొట్టేయొద్దు.

ఇట్లు,
చేతిలో నీళ్ళ సీసాతో క్యూలో నిలబడిన
బెజవాడ కుటుంబాలు

తా.క.: రింగులాటలో రెండో వరస, ఎడమ నుంచి మూడో సబ్బు పెట్టె మీద గడువు తేదీ ఒకసారి చూసుకోండి. ఎవరికీ పడదనే ధీమా ఉంటే ఉండొచ్చు గానీ, పొరపాటున పడితే వాళ్ళు ఒంటికి రుద్దుకోవాలి గదండీ.